ఆకుపచ్చ కర్సర్

లక్ష్మీరాజం ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేసి, ఇప్పుడు సిద్దిపేటలోని ఒక ప్రైవేటు కాలేజీలో జర్నలిజం చెబుతున్నాడు. ఎర్ర పెన్ను కాలం పోయింది. పిల్లలంతా ఒకే ఆన్‌లైన్ ఫైల్‌లో వార్త రాస్తారు. ఎవరి పేరుతో వాళ్ల కర్సర్, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. అర్షీన్‌ది ఆకుపచ్చ.

పిల్లలు నడిపే ల్యాబ్ పత్రికలో ఈ నెల మొదటి వార్త అర్షీన్ చావే. పదకొండు రోజుల కింద మిరుదొడ్డి దారిలో ఆమె బండిని లారీ గుద్దింది.

“ఇప్పుడే చూడుండ్రి సార్. ఇంటికి పోయినంక తప్పులున్నయని మెసేజ్ పెడ్తే నేను చూడ,” అంది ఆ వార్త రాసిన నవనీత, సంచి సర్దుకుంటూ.

“నీ బస్సు పోతది, నువ్వు నడువు. నేను చూస్త.”

ల్యాబ్ ఖాళీ అయింది. పొద్దు గూకుతోంది. కిటికీలోంచి తడిసిన వడ్ల వాసన. తెర మీది వార్తలో ‘సొంత పని మీద వెళ్తూ’ అన్న చోట అతని చూపు ఆగింది.

సొంత పని కాదది. తడిసిన వడ్ల మీద అర్షీన్ రాసిన వార్తలో రైతు వయసు లేదు. “వయసు లేకుంటే అచ్చుకు పోదు, మళ్ల పోయి అడుగు” అని ఫోన్ చేసింది తనే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెబితే ఆమె తండ్రి ఫక్రుద్దీన్ ముఖం ఎట్లా చూడాలి? వాక్యాన్ని అలాగే వదిలేశాడు.

అప్పుడు ఆకుపచ్చ కర్సర్ వచ్చింది.

పైన అర్షీన్ పేరు. ఆమె ఫోన్ లారీ కింద నుగ్గయింది... తను కళ్లారా చూశాడు.

‘సొంత’ చెరిగింది. ఒక్కో అక్షరమే. తర్వాత ‘పని మీద’. ఆ ఖాళీలో కర్సర్ నిలబడింది... తెలియని చోట ఆమె ఎప్పుడూ అట్లాగే ఖాళీ వదిలి, అతని కోసం ఆగేది.

లక్ష్మీరాజం నింపాడు: ‘అధ్యాపకుడు లక్ష్మీరాజం పంపగా’.

పక్కన కామెంట్ పడింది. ‘ఇగ ఇంటికి పోవచ్చా సార్? ఈడ చలి పెడ్తుంది.’

కళ్లు మసకబారాయి. ‘పో బిడ్డా’ అని రాశాడు.

ఫోన్ మోగింది. ఫక్రుద్దీన్. గొంతు గుసగుసగా ఉంది.

“సార్... ఎవరో తలుపు కొడ్తున్నరు. అబ్బాజాన్ అంటున్నది. దాని గొంతే... వాళ్ల అమ్మి తియ్యవోతుంది.”

“తియ్యనియ్యి భాయ్,” అన్నాడు లక్ష్మీరాజం, ఏడుస్తూ.

ఫోన్‌లో గడియ తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. తర్వాత ఏ శబ్దమూ లేదు...

తెర మీద అర్షీన్ పేరుతో ఇంకో కామెంట్ పడింది.

‘సార్, నాకు ఇంటి తొవ్వ దొరుకుతలేదు. ఇంక ఈడనే ఉన్న.’