ఆగకుండా పైకెళ్లిన బుట్ట

హాల్‌టికెట్ మాయమైంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

పరీక్ష రేపు ఉదయం. పెళ్లితో ఆగిపోయిన చదువు. చంటాడు నిద్రపోయినప్పుడల్లా పుస్తకం పట్టి, కళ్లు మండేలా చదివింది ఆమె. ఆ కాగితం లేకపోతే గేటు లోపలికి కూడా రానివ్వరు.

మొదటిది అందలేదు. డూప్లికేట్ పంపారు. అదీ గల్లంతే.

భర్తే వెళ్లి పోస్ట్‌మ్యాన్ మీద కంప్లయింట్ రాసిచ్చాడు. "నీకోసం ఎంతదాకైనా వెళ్తా" అన్నాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి.

పోస్టల్ ఇన్‌స్పెక్టరమ్మ మూడో అంతస్తుకి ఎక్కొచ్చింది. వెనకే పోస్ట్‌మ్యాన్, మోకాళ్లు పట్టుకుంటూ.

"నిజం చెప్పు. ఉత్తరాలేం చేశావ్?"

"బుట్టలో వేశానమ్మా. రెండూ."

ఆ ఇంటికో పద్ధతుంది. పోస్ట్‌మ్యాన్ రోజూ మెట్లెక్కలేడు. బాల్కనీ నుంచి తాడుకి కట్టిన బుట్ట వేలాడుతుంటుంది. ఆయన ఉత్తరం వేసి తాడు గుంజుతాడు. పైన గంట మోగుతుంది. ఇంట్లోవాళ్లు లాక్కుంటారు.

"పైకెళ్లడం చూశావా?"

"చూశా. రెండుసార్లూ సర్రున వెళ్లిపోయింది."

"అబద్ధం బాబాయ్!" అంది ఆమె. "ఆ రెండు రోజులూ నువ్వొచ్చే వేళకి పిల్లాడికి నీళ్లు పోస్తున్నా. మరి లాగిందెవరు?"

"కింది నుంచి బుట్టే కనబడుతుంది తల్లీ, మనిషి కనబడడు."

ఇన్‌స్పెక్టరమ్మ ఆమె అత్త వైపు తిరిగింది. అత్త మణికట్టుకి నెల్రోజులుగా సిమెంటు కట్టు.

"నా జడ నేను వేసుకోలేక చస్తున్నా. పైగా బుట్టొకటా!"

"మీరు?"

భర్త ఆవులించాడు. "ప్రెస్సులో నైట్ డ్యూటీ మేడమ్. పగలు నేను శవంతో సమానం."

"బిందెడు నీళ్లు గుమ్మరించినా లేవడు" అంది అత్త.

పోస్ట్‌మ్యాన్ తల దించుకున్నాడు. ఉద్యోగం పోయినట్టే.

ఇన్‌స్పెక్టరమ్మ బాల్కనీలోకి నడిచింది. "అమ్మాయ్, ఒకసారి బుట్ట లాగు. రోజూ ఎలా లాగుతావో అలాగే."

ఆమె బిడ్డని చంకనేసుకుంది. ఒంటిచేత్తో ఒక గుంజు. తాడు కాలికింద తొక్కిపట్టి, మళ్లీ వంగి ఇంకో గుంజు.

"ఆఁ, ఇంతే!" పోస్ట్‌మ్యాన్ అంత బాధలోనూ నవ్వాడు. "రోజూ ఎక్కిళ్లు వచ్చినట్టే వెళ్తుంది."

"మరి ఆ రెండు రోజులు?"

"ఎక్కడా ఆగలేదు..." అంటూనే ఆయన నోరు తెరిచి ఉండిపోయాడు.

"ఆగకుండా లాగాలంటే రెండు చేతులు కావాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "అమ్మాయి చంకలో బిడ్డ. పెద్దావిడ చేతికి కట్టు. ఈ ఇంట్లో రెండు చేతులూ ఖాళీగా ఉన్నదెవరికి?"

అందరూ భర్త వైపు తిరిగారు.

భర్త డ్యూటీ సంచి తెచ్చాడు. అడుగున రెండు కవర్లు. అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

"చింపడానికి మనసు రాలేదు" అన్నాడు నేల చూస్తూ. "నువ్వు పాసైతే ఇక నీ కంటికి ఆననేమో అని..."

"ఫారం నువ్వే నింపావ్. పెన్నులు నువ్వే కొన్నావ్." ఆమె ఏడవలేదు. "హాల్‌టికెట్ రాలేదని ఏడిస్తే కన్నీళ్లు తుడిచావ్. ఆ చేతులతోనే కదా!"



ఆమె పోస్ట్‌మ్యాన్ వైపు తిరిగింది. "బాబాయ్, ఆయన్ని నమ్మి నిన్ను దొంగని చేశా."

"బాగా రాయమ్మా. పాసైన ఉత్తరం మాత్రం బుట్టలో వెయ్యను. కూర్చుంటూ లేస్తూనైనా మెట్లెక్కి నీ చేతికే ఇస్తా."

వాళ్లు దిగి వెళ్లిపోయారు. ఆమె బిడ్డని తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది. పుస్తకం తీసుకుని గది వైపు నడిచింది. బిడ్డ గుక్కపట్టాడు.

"వీణ్ణి నేనేం చెయ్యను?"

"పట్టుకో" అంది వెనక్కి చూడకుండా. "రెండు చేతులూ ఖాళీయేగా."