చిరుగు నడుమనా, పట్టు దగ్గరా

అరచెయ్యంత చర్మాన్ని గాజుపళ్లెంలో పెంచగలుగుతున్నారు గానీ, సులువుగా ఊడొచ్చే టిఫిన్ డబ్బా మూత మాత్రం ఈనాటికీ ఎవరి వల్లా కాలేదు. హైమావతి ఆ మూతతో పావుగంట కుస్తీపట్టి, ఓడిపోయి, ఉప్మా దక్కకుండానే, చర్మాన్ని లాగి బలం చూసే జమిలి యంత్రం ముందు కూర్చుంది.

విశాఖ పొరతోటలో ఆమెది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. కాలినవాళ్లకి అతికే చర్మం అక్కడ వంశాలవారీగా పెరుగుతుంది. ఒక్కో వంశం ఒక్కో దాత కణాలది. ఏడాదికోసారి ప్రతి వంశం నుంచీ ఒక ముక్క కోసి, నాలుగు వైపులకీ ఒకేసారి లాగుతారు. తట్టుకుంటే వంశం నిలుస్తుంది. లేకపోతే వంశం మొత్తం కాలవలోకి.

పట్టుకోవడమే అసలు విద్య. అంచుని దవడల్లో బిగిస్తే చర్మం పక్కకి కదల్లేదు, లెక్క అబద్ధమాడుతుంది. అందుకని వైపుకి ఐదు కొక్కేలు, కొక్కేనికో దారం. కొక్కెం దగ్గర చిరిగితే అది తగిలించినవాళ్ల తప్పు, మరో ముక్కతో మళ్లీ పరీక్ష. నడుమ చిరిగితే చర్మం తప్పు. హైమావతి తగిలించిన ముక్క కొక్కెం దగ్గర ఇంతవరకూ చిరగలేదు.

ఇవాళ్టిది నాలుగువందల పదిహేడో వంశం. అంటే ఆరేళ్ల కిందట పోయిన ఆమె భర్త సన్యాసిరావు. ఆయన దాతగా సంతకం పెట్టింది దయతో కాదు, స్టీలు బేసిను ఉచితమని. ఆ బేసిన్నీ పాతబడిపోతుందని అట్టపెట్టెలోంచి తియ్యనివ్వలేదు.

"ఏటమ్మా, మీ ఆయన నెంబరే కదా? నాను లాగుతాన్లే, నువ్వెళ్లి ఆ డబ్బా సంగతి సూడు" అన్నాడు పక్క యంత్రం జోగారావు.

"వద్దు బావూ. నువ్వు పీకేస్తావు. ఆయన సూదిమందుకే వీధంతా ఏకం చేసేవోరు."

మందం కొలిచింది. నడుమ నాలుగు సిరాచుక్కలు పెట్టింది. దారాలు బిగిశాయి, చుక్కలు దూరం జరిగాయి. బలాన్ని వెడల్పుతో, మందంతో భాగించి తెర ప్రతిబలం చూపిస్తోంది. నిలవాలంటే ఆ అంకె రెండు దాకా రావాలి. ఒకటిన్నర దాటగానే, సరిగ్గా చుక్కల మధ్య, ఉతికి ఉతికి నలిగిన పంచెలా మెత్తగా విడిపోయింది.

తెర అడిగింది: చిరుగు ఎక్కడ? మనిషి కంటికి వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

హైమావతి 'పట్టు దగ్గర', అంటే కొక్కెం దగ్గర, అని నొక్కింది.

ఆమె మీద పొరతోటకి ఎంత నమ్మకమంటే, ఆమె చెయ్యిని అనుమానించనే లేదు. కొక్కేలే పాడయ్యాయని తేల్చింది. అన్నిటికీ అవే కొక్కేలు కాబట్టి ఎనిమిది యంత్రాలూ ఆగిపోయాయి. కొక్కేలు మార్చి సరిచూసేదాకా, అంటే రేపటిదాకా, ఏ వంశం చర్మమూ గడప దాటదు.

మోగిన ఫోను ఎత్తిన జోగారావు దాన్ని చేత్తో మూసి అన్నాడు. "కాలినోళ్ల వార్డు నుంచమ్మా. ఎవరో టీచరమ్మకి వీపంతా కాలిపోనాదట. సర్మం ఎప్పుడొస్తాదని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?"

ఆమె చిరిగిన అంచులు రెండూ వేళ్లతో దగ్గరికి చేర్చి పట్టుకుని ఉంది. జోగారావు పళ్లెంలోకి చూశాడు. చిరుగెక్కడుందో చూశాడు. టిఫిన్ డబ్బా మూత ఊడదీసి, డబ్బా ఆమె ముందు పెట్టాడు.

నిజం చెబితే యంత్రాలు కదులుతాయి, టీచరమ్మకి చర్మం వెళుతుంది, సన్యాసిరావు కాలవలో కలుస్తాడు. చెప్పకపోతే ఆయన రేపటిదాకా ఉంటాడు. రేపు మళ్లీ లాగాలి.

వార్డువాళ్లు ఇంకా లైన్లోనే ఉన్నారు. ఇంతవరకూ చెప్పుకొచ్చాను గానీ, ఇక్కణ్ణించి నా వల్ల కాదు. బాబ్బాబు, మీలో ఎవరైనా ఇలా రెండంచులు పట్టుకుని కూర్చున్నవాళ్లుంటే కాస్త చెప్పండి, వేళ్లు వదలమని ఆమెకి ఎలా చెప్పమంటారు?