ముడి వేసిన రబ్బరు వత్తి

దక్షిణ టెక్సాస్ మొత్తం గాలించినా టైర్ల గురించి రీగోకి తెలిసినంత ఇంకెవడికీ తెలియదు. ఈ మాట ఊళ్ళో వాళ్ళన్నది కాదు, రీగోయే అన్నాడు. అన్న రోజే వాడి బండికి మూడు పంక్చర్లు. మూడోది పడ్డప్పుడు కోపంకొద్దీ టైరుని తన్ని, బొటనవేలు వాయగొట్టుకుని, వారం రోజులు చెప్పుల్లో తిరిగాడు.

పాపం, వాడి తప్పేం లేదు. ఆ వేటబీడు నిండా మెస్కీట్ తుమ్మే. వేలెడేసి ముళ్ళు. వేటగాళ్ళని తెల్లారకముందే జింకల మంచెల దగ్గర దింపడం, చీకటి పడ్డాక మళ్ళీ ఎక్కించుకు రావడం రీగో పని. బండి ఆగిపోతే మంచె మీద మనిషి అక్కడే బిగుసుకుపోతాడు.

అందుకే బీడు నడిపే ఎలిసియో మావయ్య ఈ ఏడు వేట మొదలవకముందే వాణ్ణి పిలిచి చెప్పాడు.

"మంచి టైర్లు చూసి వేయించరా. తాచోకి జరిగింది ఇంకెవరికీ జరగకూడదు."

తాచో ఆ బీడులో ఇరవై ఏళ్ళు పంక్చర్లు వేసిన ముసలాయన. నిరుడు డిసెంబరులో దక్షిణపు మంచె దారిలో ఆయన బండికే రెండు టైర్లు పోయాయి. ఎముకలు కొరికే ఉత్తరపు గాలి మొదలైంది. ఆయన నడుచుకుంటూ బయల్దేరాడు. రెండో రోజు పొద్దున కంచె పక్కన శవమై దొరికాడు.

తాచో మాట ఎత్తితే చాలు, రీగో ఏదో ఒక జోకు వేసి మాట మార్చేవాడు. ఆరోజూ అంతే. "టైర్లు నాకొదిలెయ్ మావయ్యా, ముల్లే నన్ను చూసి వంగిపోతుంది" అని వెళ్ళిపోయాడు.

హైవే పక్కన టైర్ల కొట్టు ఒఫేలియమ్మది. ఆమె నోటికి జంకని వేటగాడు లేడు.

"లోపల పచ్చ జిగురు పోయించుకుంటావా? చిన్న ముల్లయితే అదే పూడ్చుకుంటుంది."

"మా ముళ్ళు చిన్నవి కావమ్మా. నీ మాటల్లా ఉంటాయి."

"అయితే గాలి బదులు గట్టి రబ్బరు నింపిస్తా. జన్మలో పంక్చరు పడదు. నీ వెన్నుపూస మాత్రం వారంలో జారిపోతుంది."

చివరికి పది పొరల టైర్లు బేరమాడాడు. అడుగే కాదు, పక్కగోడ కూడా మందం. ముల్లు ఎక్కువగా దిగేది అక్కడే కదా. ఒఫేలియమ్మ గోటితో రబ్బరు గీకి చూపించింది. "సరికొత్తవి. చిల్లు పడితే నా దగ్గరికి రా, నీ మొహం మీద వేస్తా వత్తి."

తొమ్మిది రోజులు బండి మహారాజులా తిరిగింది. మిగతా బండ్లు రోజుకొకటి కుంటుతుంటే రీగో మీసం లేకపోయినా మెలేశాడు. పెదనాన్న కొడుకు చెంతే బండి కింద దూరి ముల్లు పీకుతుంటే, పక్కన నిలబడి ఈల వేశాడు.

పదోరోజు బురద కడుగుతుంటే చేతికేదో తగిలింది.

టైరు గాడిలో రబ్బరు వత్తి. పంక్చరు వేసినప్పుడు చిల్లులో దూర్చేది. ఇంకా వెతికాడు. ఒకటి కాదు, పదకొండు. నాలుగు టైర్లకీ ఉన్నాయి.

ఒక్కటీ రీగో వేసింది కాదు.

ముందు ఒఫేలియమ్మని అనుమానించాడు, పాతవి అంటగట్టిందని. కానీ టైర్లు బిగించిన రోజు ప్రతి అంగుళమూ తడిమి చూసింది తనే. తర్వాత చెంతేని. నిరుడు వాడి బూట్లో తేనె పోసింది రీగో మరి, బాకీ తీర్చుకుంటున్నాడేమో. కానీ పైకి వచ్చిన వత్తి కొసని ఎవరైనా కత్తిరించేస్తారు. ఇక్కడ కత్తిరించలేదు. ముడి వేసి ఉంది. ప్రతిదానికీ.

అలా ముడి వేసే మనిషి ఆ బీడులో ఒక్కడే ఉండేవాడు. తాచో.

"చెంతేగాడు బాగానే గుర్తుపెట్టుకున్నాడు" అని రీగో గట్టిగా నవ్వాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ నవ్వు వాడికే నచ్చలేదు.

ఆ మధ్యాహ్నమే చెంతే సరుకులకని ఊళ్ళోకి వెళ్ళాడు. ఆరోజు వేటగాళ్ళెవరూ లేరు. బీడులో మిగిలింది మావయ్యా, రీగో. మావయ్యని మూడింటికి దక్షిణపు మంచె దగ్గర దింపాడు. ఆయనకి మోకాలి ఆపరేషనయి రెండు నెలలే అయింది, మంచె కూడా పట్టుకుని ఎక్కించాలి, దూరం నడవలేడు. ఆరింటికి వస్తానని రీగో చెప్పాడు. అయిదున్నరకి ఆకాశం మసకబారి, ఉత్తరం నుంచి గాలి తిరిగింది. తుమ్మ కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని కీచుమంటున్నాయి. తడి మట్టి వాసన, దూరంగా ఎక్కడో అడవిపందుల కంపు.

సగం దారిలో ఉండగా వినపడింది.

స్స్స్స్స్...

రీగో బండి ఆపాడు. ఎడమ వెనక టైరు. స్పేరు చక్రం ఒకటుంది. కానీ ఆ శబ్దం ఒక్కచోట నుంచే రావడం లేదు. రెండో వైపు నుంచి కూడా...

మంచె ఇంకా మూడు మైళ్ళు. అక్కడ మోకాలు వంగని మనిషి, పల్చటి చొక్కా మీద ఒకే ఒక్క కోటు. సరిగ్గా ఈ గాలిలోనే, ఈ దారిలోనే...

టార్చి తీసుకుని దిగాడు. ఎడమ టైరు పక్కన కూర్చున్నాడు. గుప్పున వాసన. పంక్చరు సొల్యూషన్ వాసన. తను డబ్బా ఇంకా తెరవనే లేదు.

శబ్దం ఆగిపోయింది.

టైరు మీద చెయ్యి వేశాడు. తడిగా ఉంది. కొత్త వత్తి. ముడి.

బండికి అవతల వైపు మాత్రం గాలి ఇంకా పోతోంది. దాంతో పాటు... కరకరమని చిల్లుని ఆకురాయితో గీరుతున్న చప్పుడు. ముసలి ఊపిరి.

"చెంతే..?" అన్నాడు రీగో. "ఒరేయ్, చాల్లేరా..."

గీరడం ఆగింది.

"లైటు ఇటు పట్టు."

గుసగుస. విసుగు లేదు, కోపం లేదు. పనిలో ఉన్న మనిషి పక్కవాణ్ణి అడిగినట్టు.

రీగో కదల్లేదు. తల ఎత్తలేదు. చెయ్యి ఒక్కటే పైకెత్తి, బండి మీదుగా టార్చి అవతలికి చూపించాడు.  వెలుగు వణుకుతోంది. ఎంతసేపో తెలియదు.

తర్వాత గాలి శబ్దం ఆగింది. ఊపిరీ ఆగింది.

అవతలికి వెళ్ళి చూడలేదు. బండెక్కి పోనిచ్చాడు.

మావయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. ఎక్కించుకుంటుంటే పళ్ళు టకటకలాడుతూ అన్నాడు: "మనిషిని ముందే పంపావు, బాగానే ఉంది. పైకి రమ్మంటే రాడేం?"

"ఎవరిని మావయ్యా?"

"కింద నిలబడి, 'వాడొస్తున్నాడు, కాస్త ఓపిక పట్టు' అన్నాడే. చెంతే కాదూ?"

రీగో బండి తిప్పాడు. దారంతా ఒక్క జోకూ వేయలేదు. మావయ్య రెండుసార్లు వాడి మొహంలోకి చూశాడు.

విడిది గదిలో తలుపు పక్కనే మేకుల పలక ఉంటుంది. ఒక్కో మంచెకి ఒక్కో మేకు, ఇంటికి ఒక మేకు. ఎవరి రాగి బిళ్ళ వాళ్ళది. వెళ్ళేటప్పుడు మంచె మేకుకి తగిలించాలి, వచ్చాక తనే ఇంటి మేకుకి మార్చుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు. బిళ్ళలన్నీ ఇంటికి చేరందే కంచాలు పెట్టరు, అందరూ లేచి వెతకడానికి వెళ్తారు. చచ్చిపోయినా తాచో బిళ్ళ ఇంటి మేకునే ఉంచారు.

మావయ్య తన బిళ్ళ మార్చుకున్నాడు. రీగో పొయ్యి మీద తమాలేలు, ఆ మొక్కజొన్న పిండి కుడుములు, వేడిచేస్తూ కంచాలు తీశాడు.

"ఆగు" అన్నాడు మావయ్య. "కంచాలు పెట్టకు. ఇంకొకడు రాలేదు."

దక్షిణపు మేకుకి తాచో బిళ్ళ వేలాడుతోంది.

"చెంతేగాడి పని..." అనబోయాడు రీగో. ఊళ్ళోకెళ్ళిన చెంతే బాగా రాత్రయ్యేదాకా రాడని తనకే తెలుసు.

బయట మొదలైంది. స్స్స్స్స్... ముందు ఒక టైరు. తర్వాత నాలుగూ.

"ఏం దాచావురా?" మావయ్య గొంతు చాలా తగ్గించి అడిగాడు. "నిరుడు తాచో తనే వచ్చి బిళ్ళ మార్చుకుని మళ్ళీ పోయాడనుకున్నాం. అందుకే వెతకలేదు."

రీగో చేతిలో కంచం గోడకి తగిలి టంగుమంది.

"నేనే మార్చాను మావయ్యా. తమాలేలు చల్లారిపోతున్నాయని... ఆయన రానే వస్తాడనుకుని... అన్ని బిళ్ళలూ ఒక్క ఊపున ఇంటి మేకుకి తోసేశాను."

బయట శబ్దం కాస్త సన్నగిల్లింది. ఒక టైరు ఆగింది. మావయ్య కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"మర్నాడు మీరంతా తనే మార్చుకున్నాడంటుంటే, అవునని తల ఊపాను."

ఇంకోటి ఆగింది. కాసేపటికి మూడోది. ఆ ఒక్కటి మాత్రం ఆగలేదు. స్స్స్స్స్... సన్నగా, ఓపిగ్గా.

"ఇంకా ఉంది కదూ" అన్నాడు మావయ్య.

రీగో నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయన పంక్చరు డబ్బా ఆరోజు బండిలో లేదు. నేనే తీసి దాచాను. ముసలాయన వెతుక్కుంటూ తిట్టుకుంటుంటే చూసి నవ్వుదామని... తర్వాత భోజనాల గొడవలో మర్చేపోయాను."

బయట నిశ్శబ్దం.

"ఎక్కడ దాచావు?"

"నా మంచం కింద. ఇప్పటికీ అక్కడే ఉంది."

పక్కగదిలో, మంచం కింద, రేకు డబ్బా మూత తెరిచిన చప్పుడయింది.