ఎర్ర పెట్టె తాళంచెవి

శాలలో మధ్యాహ్నం పెట్టే బిసియూట అయిపోయింది. ప్లేట్లు కడిగి బోర్లించారు. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది.

ఆ ఇరవై నిమిషాలూ నేత్రకు రోజూ ఒకటే పని. మేష్ట్రు గదిలో బీరువా ముందు నిలబడి ‘వద్దు’ అనడం.

“ఒక్కసారి తెరువే నేత్రా. ముట్టను. చూస్తా, అంతే,” అన్నాడు నందీశ్.

“వద్దు.”

“నీ పెట్టె ఏమన్నా గుడ్లు పొదుగుతాండాదా? కదిలిస్తే పగిలిపోతాయా?”

వెనక ఉన్న పిల్లలంతా నవ్వారు. నేత్ర నవ్వలేదు. మెడలో నల్లదారానికి వేలాడుతున్న తాళంచెవిని చొక్కా లోపలికి తోసుకుంది.

కర్ణాటకలో బాగేపల్లి దగ్గర హైవే దిగి, చెనిక్కాయ చేల మధ్య నుంచి లోపలికి పోతే ఆ సర్కారీ శాల వస్తుంది. ఒకటి నుంచి ఏడు దాకా తరగతులు. అరవై ఇద్దరు పిల్లలు. పాఠాలు కన్నడంలో, పోట్లాటలు తెలుగులో.

శాలలు తెరిచిన కొత్తలో, జూన్‌లో, ఆశక్క వచ్చింది. చింతామణి అమ్మాయి. పిల్లలకు సైన్స్ సామాన్లు ఇచ్చే ఒక సంస్థలో పని చేస్తుంది. స్కూటీ మీద కట్టుకొచ్చిన ఎర్ర పెట్టెను బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల బల్బులు, తీగలు, సెల్లులు, అయస్కాంతాలు, భూతద్దం, బొటనవేలంత మోటారు, దానికి తగిలించే పసుపుపచ్చ ఫ్యాన్ రెక్క ఉన్నాయి.

“ఇది పెద్ద తరగతులకు మాత్రమే కాదు. ఒకటో తరగతి నుంచి అందరిదీ. చేతులతో చేసి చూడండి,” అని చెప్పి వెళ్ళింది.

తాళంచెవి ఎవరికి ఇవ్వాలని కృష్ణప్ప మేష్ట్రు అటూ ఇటూ చూశాడు. ఆరో తరగతి నేత్ర కనిపించింది. నేత్ర నోటు పుస్తకాలకు మూలలు మడత పడవు. నాలుగో తరగతిలో కొన్న జామెట్రీ పెట్టె ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

“జాగ్రత్తమ్మా,” అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

నేత్ర జాగ్రత్త పడింది. చాలా జాగ్రత్త పడింది.

మొదటి శనివారం పెట్టె తెరిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. అందరూ గీతకు అవతల కూర్చోవాలి. నేత్ర ఒక్కతే ఇవతల. మోటారుకు తీగలు తగిలించి, సెల్లులు పెట్టింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. పిల్లలు ఓ అని అరిచారు.

వినుత ఊరుకోలేక గీత దాటి చెయ్యి చాపింది. ఆమె కూడా ఆరో తరగతే. పుట్టినప్పటి నుంచి వినుత కుడిచెయ్యి సన్నం. పిడికిలి బిగుసుకోదు. ఏం చేసినా ఎడమచేత్తోనే.

“నువ్వు ముట్టద్దు. నీకు ఒక చెయ్యే కదా సరిగా వచ్చేది. పడేస్తావు,” అంది నేత్ర.

వినుత చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టె దగ్గరకు రాలేదు. నేత్ర కూడా పెట్టెకు తాళం వేసి మళ్ళీ తెరవలేదు. అరిగిపోతుందని ఒక భయం. ఎవరైనా పగలగొడతారని ఇంకో భయం. వానలు వచ్చాయి, పోయాయి. దసరా సెలవులూ అయిపోయాయి.

ఈ రోజు బుధవారం. గంట కొట్టాక మేష్ట్రు అందరినీ వరండాలో కూర్చోబెట్టాడు.

“ఆశక్క ఫోన్ చేసింది. శుక్రవారం వస్తాది. మీరంతా పెట్టెతో ఏమేమి చేస్తాండారో చూస్తుందంట.”

“మేము చూస్తా కూర్చోనుండాము సార్,” అన్నాడు నందీశ్. మళ్ళీ నవ్వులు.

మేష్ట్రు నవ్వలేదు. “వాడకుండా పెట్టింటే తీసుకుపోతారు. గౌరిబిదనూరు పక్క ఇంకో శాలవాళ్ళు అడుగుతాండారంట.”

నేత్ర చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోయింది. ఆ పెట్టె పోతే? ఫ్యాన్ తిరిగింది ఒక్కసారే. దాన్ని తలుచుకోని రోజు లేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక పెట్టె తెరిచింది. పైన అన్నీ తళతళలాడుతున్నాయి. అడుగున మోటారు ఉంది. దాని పక్కన సెల్లులు పెట్టిన డబ్బీ ఉంది. నేత్ర అప్పుడు సెల్లులు తియ్యలేదు. తియ్యాలని తెలియదు.

సెల్లులు కారి తెల్లగా పొంగి ఉన్నాయి. ఉప్పు పేరుకున్నట్టు ఉంది. డబ్బీలో స్ప్రింగులు కనిపించలేదు. తీగ కొనలు పచ్చగా చిలుము పట్టాయి. ఒక తీగ వేలు తగలగానే పుటుక్కున తెగింది.

పెట్టెలో ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. ఎవరు ఏం చేశారో రాయమని ఆశక్క పెట్టినది. నేత్ర అది తెరిచింది. ఒకటే వరస ఉంది. ‘నేత్ర, 6వ తరగతి. ఫ్యాన్ తిప్పాను.’

మిగతా కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి.

తాళం వేసి బయటికి వచ్చింది. ఇంటికి పోవాలనిపించలేదు. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు నడిచింది. వినుత వాళ్ళ వీధిలో తేలింది.

వినుత అరుగు మీద కాళ్ళు చాపుకుని కనకాంబరాలు కడుతోంది. దారం కొన కుడికాలి బొటనవేలికి చుట్టి ఉంది. రెండో కొన పళ్ళ మధ్య ఉంది. సన్నటి కుడిచెయ్యి పూలను అదిమి పట్టింది. ఎడమచెయ్యి దారం చుట్టి, లాగి, ముడి బిగిస్తోంది. చూస్తుండగానే మూర పూలు అయ్యాయి.

పక్కనే వాళ్ళ అవ్వ అంజనమ్మ ఇత్తడి చెంబు తోముతోంది.

“ఏమే, దారి తప్పినావా?” అంది వినుత పళ్ళ సందునుంచి.

నేత్ర అరుగు దగ్గరే నిలబడిపోయింది. చెంబు వైపు చూస్తోంది. చెంబు అంచున పచ్చగా చిలుము ఉంది. అవ్వ చింతపండు పెట్టి రుద్దింది. నీళ్ళు పోసింది. పచ్చదనం పోయి ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది.

“అవ్వా, చింతపండుతో చిలుము పోతాదా?”

“పోక యాడికి పోతాది? పులుపు తగిలితే దాని తాత కూడా దిగొస్తాడు.”

“రాగితీగకు పట్టిందైతే?”

“దానికీ పోతాది. ఏం తీగమ్మా?”

నేత్ర తల దించుకుంది. వినుత దారం నోట్లోంచి తీసింది.

“పెట్టె తెరిచినావు కదా?” అంది.

నేత్ర అంతా చెప్పింది. సెల్లులు కారిన సంగతి, తీగ తెగిన సంగతి, పుస్తకంలో ఒకటే పేరు ఉన్న సంగతి.

వినుత ఇంకో రెండు పూలు కట్టింది.

“ఎవురన్నా ముట్టినారా దాన్ని?”

“లేదు.”

“ఎవురూ ముట్టలేదు. అయినా చెడిపొయ్యింది.”

వినుత ఎగతాళిగా అనలేదు. అందుకే నేత్రకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

“ఆ పొద్దు నిన్ను అట్ల అన్నా. అనకుండా ఉండాల్సింది,” అంది నేత్ర.

“ఊఁ. అయితే రేపు నేను ముట్టచ్చా?”

“నువ్వు రాకపోతే నాకు చేత కాదే.”

అవ్వ లోపలికి వెళ్ళి నిమ్మకాయంత చింతపండు కాగితంలో చుట్టి తెచ్చింది. “మీ మేష్ట్రుకు చెప్పి చెయ్యండి. సొంత పెత్తనాలు వద్దు,” అంది.

గురువారం పొద్దున్నే నేత్ర మేష్ట్రు బల్ల మీద పెట్టె తెరిచి పెట్టింది. ఆయన డబ్బీ ఎత్తి చూశాడు.

“సెల్లులు తీసిపెట్టమని నేను చెప్పినానా?”

“లేదు సార్.”

“నువ్వు అడిగినావా?”

“లేదు సార్.”

“బాగుంది. ఇద్దరికి ఇద్దరం సరిపోయినాం,” అన్నాడు మేష్ట్రు.

ఆయన చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కారిన సెల్లులు తీసేశాడు. “ఈ తెల్లపొడి ఒట్టి చేత్తో ముట్టకండి. కళ్ళకు తగిలితే మంట,” అన్నాడు. చింతపండు నీళ్ళలో పిసికారు. పుల్లకు దూది చుట్టి, ఆ నీళ్ళలో ముంచి, డబ్బీని, తీగ కొనలను కొంచెం కొంచెంగా తుడిచారు. నేత్ర గీత గియ్యలేదు. పుల్లలు మాత్రం ఎక్కువ చేసింది. ఒకరి తర్వాత ఒకరు తుడిచారు. తెల్లపొడి బుసబుస పొంగి కరిగింది. అడుగున స్ప్రింగు కనిపించింది.

“కాఫీ నురగ మాదిరి ఉండాది,” అన్నాడు నందీశ్. ఎవరూ తాగుతానని మాత్రం అనలేదు.

మంచినీళ్ళతో తుడిచి, గంటసేపు ఎండలో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నారు.

తెగిన తీగ మిగిలింది. నేత్ర రెండు కొనలు పట్టుకుని మెలి తిప్పింది. జారిపోయాయి. మళ్ళీ తిప్పింది. మళ్ళీ జారాయి.

“ఇట్ల తే,” అంది వినుత.

నేల మీద కూర్చుంది. ఒక తీగను కాలి బొటనవేలికి, రెండోవేలికి మధ్య ఇరికించింది. రెండో తీగను కుడిచేత్తో అదిమింది. ఎడమచేత్తో పూలు కట్టినట్టే చుట్టి, లాగి, బిగించింది. నేత్ర పట్టి లాగి చూసింది. ఊడలేదు.

“మూర ఎంతమ్మా?” అని అడిగాడు నందీశ్.

“నీకైతే అమ్మం పో,” అంది వినుత.

ఇక కొత్త సెల్లులు కావాలి. మేష్ట్రు గోడ గడియారం దించి ఒకటి తీశాడు. తన గది గడియారంలోంచి ఇంకొకటి తీశాడు. డబ్బీలో పెట్టారు. తీగలు తగిలించారు.

ఫ్యాన్ కదలలేదు.

నేత్రకు ఏడుపు వచ్చినంత పని అయింది. తీగ మళ్ళీ చూశారు. బాగానే ఉంది. మోటారు తట్టి చూశారు. పెద్దవాళ్ళ మోచేతుల సందులోంచి ఒకటో తరగతి సహన తల దూర్చింది.

“అక్కా, రెండు టోపీలూ ఒక పక్కే ఉండాయి.”

“ఏం టోపీలు?”

సహన సెల్లు కొనన ఉండే బుడిపెను చూపించింది. పక్కపక్కన పెట్టిన రెండు సెల్లుల బుడిపెలూ ఒకే వైపు ఉన్నాయి. ఒకటి అటు, ఒకటి ఇటు ఉండాలి. వెనకటి నేత్ర అయితే ‘దూరంగా పో పాపా’ అనేదే. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, డబ్బీ సహన ముందు పెట్టింది.

“నువ్వే తిప్పి పెట్టు.”

సహన నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక సెల్లు తిప్పి పెట్టింది. పసుపుపచ్చ రెక్క గిర్రున తిరిగింది. సహన జుట్టు ఎగిరింది.

ఆ రోజు శాలలో గడియారాలు నడవలేదు. గంట ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. మేష్ట్రు కూడా జేబులో ఉన్న ఫోను తీసి చూడలేదు. ఇంటి నుంచి అమ్మలు వెతుక్కుంటూ వచ్చేదాకా పిల్లలు లేవలేదు.

శుక్రవారం ఆశక్క వచ్చింది. పెట్టె మూత మీద గీతలు పడి ఉన్నాయి. లోపల చింతపండు వాసన వేస్తోంది.

“ఇదేం వాసన?” అంది.

నేత్ర లేచి నిలబడింది. జూన్ నుంచి జరిగినదంతా చెప్పింది. ఒక్కటీ దాచలేదు. ఆశక్క చివరిదాకా వింది. పుస్తకం తిప్పింది. మొదటి వరస కింద నిన్న రాసిన పేర్లు వంకరటింకరగా ఉన్నాయి. కొన్ని కన్నడంలో, కొన్ని బొమ్మలుగా ఉన్నాయి. సహన తన పేరు రాయలేక రెండు టోపీలు వేసింది.

“సరే. ఎవురన్నా ఒకరు బల్బు వెలిగించి చూపించండి,” అంది ఆశక్క.

వినుత ముందుకు వచ్చింది. అందరూ చూస్తున్నారు. ఎడమచేతికి చెమట పట్టింది. బల్బు జారింది. టప్పుమని పగిలింది.

అరవై మంది నేత్ర వైపు తిరిగారు. వినుత మాత్రం తిరగలేదు. నేల వైపు చూస్తోంది.

నేత్ర చీపురు తెచ్చింది. గాజుముక్కలు ఊడ్చి కాగితంలో ఎత్తింది. పెట్టెలోంచి ఇంకో బల్బు తీసి వినుత చేతిలో పెట్టింది.

“ఇంకోటి ఉండాదిలే. పెట్టు,” అంది.

వినుత పెట్టింది. బల్బు వెలిగింది.

ఆశక్క పెన్ను తీసి పుస్తకంలో ఏదో రాసింది. నందీశ్ మెడ చాపి చదివాడు. “‘రెండు బల్బులు పంపాలి’ అని రాసిందిరోయ్! పెట్టె పోదు!”

ఆ అరుపులకు వరండా కప్పు మీద పావురాలు లేచిపోయాయి.

శనివారం పొద్దున గంట కొట్టకముందే నేత్ర శాలకు వచ్చింది. బీరువా పైఅరలో ఉన్న పెట్టెను దించి కింది అరలో పెట్టింది. డబ్బీలోంచి తీసిన సెల్లులు విడిగా ఉన్నాయా లేదా అని చూసింది. ఉన్నాయి. తర్వాత ఒక మేకు, ఒక రాయి తీసుకుని గోడ దగ్గర నిలబడింది.

“సహనా, ఇట్ల రా. చెయ్యి పైకెత్తు.”

సహన గోడకు ఆనుకుని చెయ్యి ఎత్తింది. నేత్ర ఆ చెయ్యి అందినచోట మేకు పెట్టింది.

“మునివేళ్ళ మీద లేస్తాండావు. మడమలు దించు.”

సహన మడమలు దించింది. నేత్ర మేకును బెత్తెడు కిందికి జరిపి, రాయితో కొట్టింది. మెడలోంచి నల్లదారం తీసి, తాళంచెవిని మేకుకు తగిలించింది.