ఆరని ట్యూబు

...అయినా వెలుగుతున్నదాన్ని ఎందుకు తీయాలి? చింతామణి ఊళ్లో నలభై ఏళ్లుగా కిరాణా అంగడి నడుపుతున్న అశ్వత్థప్ప, పొద్దున్నే తలుపులు తీస్తూ కూడా అదే ఆలోచిస్తున్నాడు. చివరలు నల్లబడి, కొట్టుకుని కొట్టుకుని పూర్తిగా ఆరిపోయాకే ఆయన అంగడిలో ట్యూబు మార్చేవాడు. ఆరని దీపాన్ని చేత్తో తీయడం తప్పనిపించేది.

అంగడి వెనుక గదిలో కోడలు వర్ష ఆరు ట్యూబుల కింద కుండీల్లో మొక్కలు పెంచి అమ్ముతుంది. నిరుడు బెంగళూరు నుంచి వచ్చి మరీ కొనుక్కుపోయారు. ఈ ఏడు కాడలు సన్నగా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోతున్నాయి. ఆదివారానికి గది ఖాళీ చేయాలని, బియ్యం మూటలు వేసుకోవాలని నిన్ననే ఆయన చెప్పేశాడు.

వర్ష కాఫీ పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"లైట్లు మార్చల్ల మామా. అంతే."

"లైట్లు బాగానే ఉండాయి గదా. నువ్వు ఫోన్ చూస్తాండావు, చెట్లు నిన్ను చూస్తాండాయి."

"మన కంటికి బాగుండాయి. దినానికి పద్నాలుగు గంటలు వేస్తాండాం. ఏడాది, ఏడాదిన్నరకే చెట్టుకు చాలినంత వెలుగు రాదు. ఇవి వేసి రెండేండ్లాయె."

"చెట్టు వచ్చి నీకు చెప్పిందా?"

"చెప్పింది. మీరే వచ్చి చూడండి."

లోపల్నుంచి ఆయన భార్య కన్యకమ్మ గొంతు వినిపించింది. "పోయి చూస్తే కాళ్లేమన్నా అరిగిపోతాయా?"

ఆయన లేచి వెనుక గదిలోకి వెళ్లాడు. మూడు వారాల కిందట వర్ష అక్కడ ఒక మూల మాత్రం కొత్త ట్యూబు వేసింది. దాని కింద మొక్కలు పొట్టిగా, ముదురు ఆకులతో నిటారుగా ఉన్నాయి. పక్క వరుస పాలిపోయి వాలింది.

"ఒకే దినం పెట్టినవి మామా. మట్టీ ఒకటే, చేయీ ఒకటే."

ఆయన రెండు ట్యూబులనూ మార్చి మార్చి చూశాడు. వెలుగులో తేడా కనిపించలేదు. ఎంత చూసినా కనిపించలేదు.

కొడుకు గురుప్రసాద్ "అంగడి మాని ఇంట్లో ఉండప్పా" అన్నప్పుడల్లా, "నేనింకా బాగానే ఉండా" అనేవాడు తను. ఇన్నాళ్లూ ట్యూబు పేరుతో తాను వాదించింది తన తరఫునే అని ఇప్పుడు తెలిసింది. ఆ వాదనలో నింద మాత్రం ఈ పిల్ల చేతుల మీద పడింది.

"మూటలకు ఇంకో చోటు చూస్తాంలే," అన్నాడు. "ఈ స్టూలు పట్టుకోమ్మా."

స్టూలెక్కి, వెలుగుతున్న ట్యూబును రెండు చేతులా పట్టుకుని, మెల్లగా తిప్పాడు.