ఎర్రోడు ఆరిపోయిన పొద్దు

ఆదివారం పొద్దున కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కొడుకు టీవీ వెనకాల దూరాడు.

"దొరికాడు దొంగ!" అని అక్కణ్నుంచే కేకేశాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతోందో చూపించే చిన్న మీటరొకటి పనిచోటు నుంచి తెచ్చాడు. టీవీ కింది కేబుల్ పెట్టెకి తగిలిస్తే, ఆపేశాక కూడా అది నడుస్తున్నప్పుడు లాగినంతా లాగుతోంది. మీటరు పాడైందేమోనని తీసి మళ్ళీ పెట్టాడు. అదే అంకె.

కోడలు నోరెళ్ళబెట్టింది. "ఆపితే ఆగదా ఇది?"

"రిమోటుతో ఆపితే పడుకుంటుందంతే. పడుకుని కూడా మెక్కుతుంది."

"అచ్చం మీలాగే."

మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తగారు పకపకా నవ్వింది. పిల్లకి ఇంకా నడక రాలేదు. ముద్దుపేరు బుడంకాయ. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తుంది. బుడంకాయని అత్తగారి చేతికిచ్చి నిశ్చింతగా వెళ్ళిపోతుంది. అత్తగారికి లోకమంతా ఆ పిల్లే.

ఇంట్లోని లైటు చుక్కలకి పేర్లు పెట్టింది కూడా అత్తగారే. కేబుల్ పెట్టె మీది ఎర్ర చుక్క ఎర్రోడు. మైక్రోవేవ్ మీది ఆకుపచ్చ అంకెలు పచ్చమ్మ. ఇంటర్నెట్ పెట్టెలో మిణుకుమిణుకుమనేది రెప్పలోడు. ముసలావిడ సరదా అనుకుని అందరూ అవే పేర్లతో పిలవడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి కొడుకు వైర్లన్నీ ఒకే స్విచ్చు కిందికి తెచ్చేశాడు.

"ఒరేయ్, ఎర్రోణ్ని మాత్రం ఉండనివ్వరా," అంది తల్లి.

"వాడే పెద్ద దొంగమ్మా!"

"పోనీ పచ్చమ్మనన్నా..."

"నీకు వీళ్ళ మీద ఇంత ప్రేమేంటే?" అని నవ్వుతూ టక్కున నొక్కేశాడు. చుక్కలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

మర్నాడు మబ్బు పట్టి ఇల్లంతా మసకగా ఉంది. కొడుకు పాలు తెచ్చి, వీధి తలుపు వేయడం మరిచి స్నానానికి వెళ్ళాడు. వాళ్ళది పై అంతస్తు. గుమ్మం దాటగానే కిందికి దిగే మెట్లు. కోడలు జడ వేసుకుంటూ హాల్లోకి వచ్చి, అక్కడే కొయ్యబారిపోయింది.

అత్తగారు బుడంకాయని చంకనేసుకుని గుమ్మం దాటి, సరాసరి మెట్ల మీదికే నడిచిపోతోంది. వంటగదిలోకి వెళుతున్నంత తీరిగ్గా, పిల్లతో కబుర్లు చెబుతూ.

"అత్తయ్యా!"

అప్పటికే ఒక పాదం గాల్లో ఉంది. కోడలు ఒక్క ఉదుటున వెళ్ళి ఆవిడ చీర పట్టుకుని వెనక్కి లాగింది. ముగ్గురూ గుమ్మంలోనే కూలబడ్డారు. బుడంకాయ ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆ ఏడుపుకి కొడుకు తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"పిల్లనెత్తుకుని మెట్ల మీదికి వెళ్ళావా? నీకు మతిగానీ పోయిందా అమ్మా?"

"ఎర్రోడు కనిపించాడురా," అంది తల్లి గుమ్మం అవతలికి చెయ్యి చూపిస్తూ. "వాడి పక్కనుంచి తిరిగితే వంటగదే కదా అని..."

ఎర్రోణ్ని నిన్ననే ఆర్పేశాడు కదా! కొడుకు ఆవిడ చూపించిన వైపు చూశాడు. మెట్ల గోడకున్న స్విచ్చుబోర్డులో ఒక ఎర్ర చుక్క వెలుగుతోంది. ఎప్పుడూ మూసి ఉండే తలుపు తెరుచుకుని ఉండేసరికి, హాల్లోంచి అదొక్కటే కనిపించింది.

"లైటు వేసుకోవచ్చుగా!"

"వేసినా ఒకటేరా. అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటుంది. ఆ చుక్కలే కాస్త తేటగా కనిపిస్తాయి. వాటిని పట్టుకునే తిరుగుతున్నాను."

కోడలు తన చేతిని అత్తగారి చెంప పక్కన ఆడించింది. ఆవిడ రెప్ప కూడా కదపలేదు. చేతిని మెల్లగా ముందుకు తెచ్చింది. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక గానీ ఆ కళ్ళు కదల్లేదు. దుకాణంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి రోజూ చేసే పరీక్షే అది. ఇంట్లో మనిషికి ఒక్కసారైనా చేయాలని తోచలేదు.

"ఎంత కాలమైంది అత్తయ్యా? నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెబితే పిల్లని నా చేతికిస్తావా? ఇప్పుడైనా ఇవ్వకు. దాన్ని ఏం చేయబోయానో చూశావుగా."

కొడుకు తడి ఒంటితోనే నేల మీద చతికిలపడ్డాడు. తల్లి ఎర్రోణ్ని ఉంచమని అడగడం, తను నవ్వడం గుర్తొచ్చి మొహం దాచుకున్నాడు. కోడలు కూడా ఏడుస్తూనే ఉంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అత్తగారిని గోడకి ఆనుకుని కూర్చోమంది. బుడంకాయని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"కూర్చుని ఎంతసేపైనా ఆడించండి. ఎత్తుకుని తిప్పడం మాత్రం డాక్టరు చూశాకే. ఇద్దరం సెలవు పెడుతున్నాం, ఇప్పుడే బయల్దేరదాం. ఇంకోసారి నా దగ్గర దాచారంటే మాట్లాడను."

పిల్ల ఏడుపు మానేసి నాయనమ్మ ముక్కు పట్టుకుంది. ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కొడుకు లేచి స్విచ్చు నొక్కాడు. హాల్లో ఎర్ర చుక్క వెలిగింది.

"కరెంటు తినేది ఆ పెట్టెగానీ, చుక్క కాదమ్మా. ఇంటి నిండా చుక్కలు పెడతాను. మెట్ల దగ్గర ఎర్రది పీకేసి, తలుపుకి గొళ్ళెం బిగించి, నీలం లైటు పెడతాను. అటు వెళ్ళకూడదని గుర్తు. దానికేం పేరు పెడతావు?"

ఆవిడ అతని గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపి, తడిగా ఉన్న అతని మొహాన్ని తడిమింది.

"నీ పేరే పెడతానురా. పడిపోతావే అమ్మా అని అరవడానికి నువ్వే ఉండాలి అక్కడ."