అమ్మ మాట్లాడే వంతు

పరిశోధన చేసే అక్క బల్ల మీద రికార్డర్ పెట్టి, అమ్మకు ఒక బొమ్మ చూపించింది. అందులో ఏం జరుగుతోందో ఇక్కడి భాషలో చెప్పమంది. పిల్లలూ పెద్దలూ కొత్త భాష ఎలా నేర్చుకుంటారో తెలుసుకోవడం ఆ అక్క పని. అందుకే వేరే ప్రాంతం నుంచి కొత్తగా ఈ ఊరొచ్చిన వీళ్లింటికి నెలకోసారి వస్తుంది.

అమ్మ గొంతు సవరించుకుంది. ఒక్కో మాటా కూడబలుక్కుని సగం వాక్యం చెప్పింది.

వాగుడుకాయ పకపకా నవ్వింది. అమ్మ పదేళ్ల కూతుర్ని ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే. ఈ ఊరొచ్చిన ఏడాదికే ఇక్కడి భాష గడగడా మాట్లాడేస్తోంది మరి. అమ్మ పలికినట్టే వెక్కిరిస్తూ పలికి, మిగతాది తనే చెప్పేసింది.

అమ్మను పూర్తిగా చెప్పనివ్వమని అక్క మెల్లగా అంది. వాగుడుకాయ చెవిన పెట్టలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఇక్కడి భాషలో నోరు విప్పలేదు. షాపులో, బస్సులో కూతుర్నే ముందుకు తోసేది. కూతురికి అది గొప్పగా ఉండేది.

అమ్మ పని ఒక పెద్ద లాండ్రీలో, దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్ల దగ్గర. రెండు వారాల తర్వాత, క్లాసు మధ్యలో నాన్న వచ్చి వాగుడుకాయను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అమ్మ కుడిచేతికి మోచేతిదాకా కట్టు ఉంది. రెండు వేళ్లు ఇక వంగవని డాక్టర్ చెప్పారట.

ఆ పొద్దున సూపర్‌వైజర్ మిషన్ గురించి ఏదో గబగబా చెప్పి వెళ్లిపోయాడు. అమ్మకు సగమే అర్థమైంది. కాసేపటికే చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కుంది.

"మళ్లీ అడగాల్సింది కదమ్మా," అంది వాగుడుకాయ.

"నోటిదాకా వచ్చిందే. నవ్వుతారని ఊరుకున్నా," అంది అమ్మ, గోడవైపు చూస్తూ.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండునని వాగుడుకాయకు అనిపించింది. అమ్మకు ఆ భయం పెట్టింది ఎవరో తనకు తెలుసు.

ఇంతలో నర్సు ఫారం పట్టుకుని వచ్చింది. ప్రమాదం ఎలా జరిగిందో చెప్పమంది. అమ్మ అలవాటుగా కూతురివైపు చూసింది. వాగుడుకాయ కళ్లు తుడుచుకుని నర్సువైపు తిరిగింది.

"మా అమ్మే చెబుతుంది. కొంచెం టైం పడుతుంది," అంటూ తన కుర్చీ నర్సుకు జరిపింది.

అమ్మ మొదటి మాటే తప్పు చెప్పింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. నర్సు రాసుకుంటోంది.

అంతా చెప్పేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ వాగుడుకాయ నోరు మెదపలేదు.